మంచు రోడ్ల టైరు: గొలుసుల నుంచి ఎస్‌యూవీల దాకా

మంచు పడే దేశాల్లో చలికాలానికి ఒక జత, మిగతా కాలానికి ఒక జత టైర్లు ఉంచుకోవడం తొంభై ఏళ్ల నాటి అలవాటు. ఏడాది పొడవునా ఒకే జతతో సరిపెట్టుకోవచ్చన్న ఆలోచన జనంలోకి వచ్చి మాత్రం ఇంకా యాభై ఏళ్లే. భారీ ఇంజిన్లున్న ఎస్‌యూవీలు వచ్చాక ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. జవాబు బండి బలంలో లేదు. రబ్బరు తయారీలోనూ బండి తిరిగే ఊరి వాతావరణంలోనూ ఉంది.

తొలినాటి కార్ల టైర్లు చాలావరకు నున్నగా ఉండేవి. బురదలోనో మంచులోనో చక్రం ఊరికే తిరిగి బండి కదలకపోతే టైరుకు తాళ్లు చుట్టేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని కెనస్టోటాకు చెందిన హ్యారీ వీడ్ తాళ్లకు బదులు ఇనుప గొలుసుల వల తయారుచేసి 1904లో పేటెంటు పొందాడు. మంచు గొలుసులకు అదే ఆరంభం. 1908లో గుడ్‌ఇయర్ కంపెనీ వజ్రాకారపు గళ్లతో ‘ఆల్ వెదర్’ ట్రెడ్‌ను, అంటే నేలను తాకే టైరు ముఖాన్ని, తెచ్చింది. పేరులో అన్ని కాలాలూ ఉన్నా అది తడి రోడ్డు మీద జారకుండా చేసిన గరుకు ముఖం మాత్రమే. లోతు మంచుకు గొలుసులే దిక్కు. వాటితో వేగంగా పోవడం కుదరదు, మంచు లేనిచోట అవి రోడ్డునూ టైరునూ పాడుచేస్తాయి. పైగా ఎముకలు కొరికే చలిలో రోడ్డు పక్కన కూర్చుని వాటిని కట్టాలి, విప్పాలి.

గొలుసు చేసే పనిని టైరు చేతే చేయించాలన్న ప్రయత్నం ఫిన్లాండ్‌లో ఫలించింది. నోకియా పట్టణంలోని ఫిన్నిష్ రబ్బరు కర్మాగారం 1934లో లారీల కోసం ‘కెలిరెంగాస్’ అనే టైరును తయారుచేసింది. ప్రత్యేకంగా చలికాలం కోసమే చేసిన తొలి టైరుగా దానికి గుర్తింపు ఉంది. దాని ముఖం మీద అడ్డంగా తీసిన లోతైన గాళ్లు మంచును పట్టి వెనక్కి నెట్టేవి. రెండేళ్ల తర్వాత, 1936లో, అదే కర్మాగారం కార్ల కోసం ‘లుమి హక్కపెలీట్టా’ను విడుదల చేసింది. ముప్పై ఏళ్ల యుద్ధంలో పోరాడిన ఫిన్నిష్ ఆశ్వికుల పేరు అది. నోకియన్ కంపెనీ వింటర్ టైర్లు నేటికీ ఆ పేరుతోనే అమ్ముడవుతున్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో సొంత కార్లు పెరిగాయి. కాంటినెంటల్ కంపెనీ 1952లో ‘ఎం ప్లస్ ఎస్’ పేరుతో బురదకూ మంచుకూ పనికొచ్చే టైర్లు తెచ్చింది. ఎత్తైన దిమ్మెలు, వాటి మధ్య వెడల్పాటి సందులు ఉండే ఆ టైర్లు మెత్తటి మంచులో బాగానే నడిచేవి. ఆరిన రోడ్డు మీద మాత్రం రొద చేసేవి. నున్నటి మంచుగడ్డ మీద వాటికి పట్టు అంతంతమాత్రమే.

మంచుగడ్డ మీద పట్టు కోసం వచ్చినవి మేకుల టైర్లు. గట్టి లోహపు మొనలున్న చిన్న మేకులను ట్రెడ్‌లో గుచ్చే ఈ పద్ధతి 1960ల్లో ఉత్తర ఐరోపా, అమెరికా, జపాన్‌లకు పాకింది. మేకులు మంచుగడ్డను గీరి పట్టు సాధించాయి. కానీ మంచు లేని రోజున అవే మేకులు తారునూ కాంక్రీటునూ గీరేసేవి. రోడ్ల మీద చక్రాల దారి వెంట గుంతలు పడటంతో మినెసోటా రాష్ట్రం 1971లో వాటిని నిషేధించింది. 1975లో పశ్చిమ జర్మనీ కూడా అదే బాట పట్టింది. జపాన్‌లోని సెండాయ్ వంటి నగరాల్లో రోడ్డు నుంచి లేచిన దుమ్ము జనం ఆరోగ్యానికే ముప్పుగా మారి, 1990లో చట్టం చేయాల్సి వచ్చింది. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలో నిర్ణీత నెలల్లో మేకుల టైర్లకు ఇప్పటికీ అనుమతి ఉంది.

ఈ నిషేధాలతో కంపెనీల దృష్టి రబ్బరు మీదకు మళ్లింది. చలికి నెయ్యి పేరుకున్నట్టు రబ్బరూ బిగుసుకుంటుంది. ఎంత చలికి బిగుసుకుంటుందన్నది ఆ మిశ్రమంలో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. వేగంగా నడిపే కార్ల సమ్మర్ టైర్లలోని మిశ్రమం వేడి రోడ్డు మీద గట్టిగా పట్టుకుంటుంది గానీ ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగాక పట్టు కోల్పోతూ వస్తుంది. ఇది టైర్ల వ్యాపారంలో స్థూలంగా చెప్పుకునే లెక్క. వింటర్ టైరులో సహజ రబ్బరునూ, ఇంకా తీవ్రమైన చలికి గాని గట్టిపడని పాలీబ్యూటడైన్ అనే కృత్రిమ రబ్బరునూ ఎక్కువగా కలుపుతారు. 1990ల నుంచి సిలికా వాడకం పెరగడంతో తడి రోడ్డు మీదా చలిలోనూ పట్టు మెరుగుపడింది.

వింటర్ టైరును దగ్గరగా చూస్తే దాని ముఖం మీది ఒక్కో దిమ్మెలో కత్తితో కోసినట్టు సన్నటి, వంకరటింకర చీలికలు వరుసగా కనిపిస్తాయి. వాటిని సైపులంటారు. టైరు నేలను తాకి వంగినప్పుడు అవి కొద్దిగా విచ్చుకుని, ఒక్కో అంచు మంచును పట్టుకుంటుంది. రబ్బరులో ఇలాంటి కోతల మీద జాన్ సైప్ అనే అమెరికన్ 1923లోనే పేటెంటు పొందాడు. చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరు తోడయ్యాక గాని ఆ ఉపాయం పూర్తిగా అక్కరకు రాలేదు. 1988లో జపాన్ కంపెనీ బ్రిడ్జ్‌స్టోన్ ‘బ్లిజాక్’ టైరులో సూక్ష్మ రంధ్రాలున్న రబ్బరును వాడింది. మంచుగడ్డను జారేలా చేసేది దాని మీది పల్చటి నీటి పొర. ఆ నీటిని రంధ్రాలు తీసేసుకోవడంతో మేకులు లేకుండానే పట్టు దొరికింది.

మేకుల మీద నిషేధాలు మొదలైన రోజుల్లోనే అమెరికా మరో దారి పట్టింది. అక్కడి పెద్ద రహదారుల మీద మంచును వెంటవెంటనే తోసి ఉప్పు చల్లుతారు. ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చే శ్రమ ఎందుకన్న భావన బలపడింది. 1977లో గుడ్‌ఇయర్ ‘టియెంపో’ పేరుతో ఆల్‌సీజన్ రేడియల్ టైరును తెచ్చింది. కొద్ది కాలంలోనే అమెరికన్ కార్లు ఫ్యాక్టరీ నుంచి ఆల్‌సీజన్ టైర్లతోనే రావడం మామూలైంది.

ఆల్‌సీజన్ టైర్ల మీద కూడా ‘ఎం ప్లస్ ఎస్’ అన్న అక్షరాలే ఉండటం కొనేవారిని తికమకపెట్టింది. అమెరికాలో ఆ ముద్ర ట్రెడ్‌లోని గాళ్ల ఆకృతిని బట్టి వేసేదే తప్ప, మంచులో పరీక్షించి ఇచ్చేది కాదు. ఆ లోటు తీర్చడానికి 1999లో అమెరికా, కెనడా రబ్బరు పరిశ్రమ సంఘాలు మూడు శిఖరాల కొండ మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తును ప్రవేశపెట్టాయి. అణిగిన మంచు మీద జరిపే పరీక్షలో ప్రామాణిక టైరు పట్టును 100గా తీసుకుంటే, కనీసం 110 సాధించిన టైరుకే ఆ గుర్తు దక్కుతుంది. అయితే ఆ పరీక్ష కొలిచేది బండి ముందుకు లాగే బలాన్నే. మంచుగడ్డ మీద బ్రేకు ఎంత బాగా పడుతుందో ఆ గుర్తు చెప్పదు.

ఈ నేపథ్యంలోకి పెర్ఫార్మెన్స్ ఎస్‌యూవీలు దిగాయి. 1990ల మొదట్లో జీఎంసీ టైఫూన్, ఆ దశాబ్దం చివర మెర్సిడెస్ ఎంఎల్ 55 వచ్చినా, ఈ తరగతిని స్థిరపరిచింది 2002లో వచ్చిన పోర్షే కయెన్. దాని టర్బో రకానికి 450 హార్స్‌పవర్ ఇంజిన్. రెండు టన్నులు దాటిన బరువుతో గంటకు 260 కిలోమీటర్ల పైన పోగలదు. 2009లో బీఎండబ్ల్యూ ఎక్స్5 ఎం కూడా బరిలోకి దిగింది. ఇలాంటి బండ్లు చాలావరకు వెడల్పాటి, పక్క గోడ తక్కువగా ఉండే సమ్మర్ టైర్లతో వస్తాయి. గడ్డకట్టే చలిలో వాటిని నడపవద్దనీ, బిగుసుకున్న ట్రెడ్ పగిలే ప్రమాదం ఉందనీ కంపెనీలే హెచ్చరిస్తాయి.

పాతకాలపు వింటర్ టైర్లు ఈ బండ్ల వేగానికి తట్టుకోలేవు. మెత్తటి దిమ్మెలు వేగం పెరిగేకొద్దీ అటూ ఇటూ కదిలి వేడెక్కుతాయి. అందుకే చాలాకాలం వింటర్ టైర్ల మీద గంటకు 160 కిలోమీటర్ల పరిమితిని సూచించే ‘క్యూ’ అక్షరమే ఉండేది. తర్వాత ‘వి’, అంటే 240, ‘డబ్ల్యూ’, అంటే 270 దాకా తట్టుకునేవి వచ్చాయి. ఐరోపాలో బండి గరిష్ఠ వేగం కన్నా తక్కువ స్థాయి వింటర్ టైరు వేసుకోవచ్చు గానీ, ఆ పరిమితిని తెలిపే స్టిక్కరు డ్రైవరుకు కనబడేలా అంటించాలి. చలికాలానికి చిన్న రిమ్ము, సన్నటి టైరు మేలన్నది పాత సూత్రం. ఈ బండ్ల బ్రేకులు చాలా పెద్దవి కాబట్టి రిమ్మును ఒక హద్దు దాటి తగ్గించడం కుదరదు. బరువును మోసే లోడ్ ఇండెక్సునూ తప్పక చూడాలి. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందడం వల్ల బండి మంచులో సులువుగా కదులుతుంది. ఆగేటప్పుడు మాత్రం ఆ సౌకర్యం అక్కరకు రాదు. అప్పుడు ఆదుకునేది టైరొక్కటే.

చట్టాలూ ఈ చరిత్రలో భాగమే. స్వీడన్ 1999లో, కెనడాలోని క్విబెక్ 2008లో చలికాలపు టైర్లను తప్పనిసరి చేశాయి. జర్మనీ 2010లో రోడ్డు మీద మంచు ఉన్నప్పుడు అవి ఉండాల్సిందేనని స్పష్టం చేసింది. 2024 అక్టోబరు నుంచి అక్కడ కొండ గుర్తు ఉన్నవే చెల్లుతాయి. ఆస్ట్రియాలో రేడియల్ వింటర్ టైరు ట్రెడ్ లోతు 4 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. ఈ కట్టుబాట్ల నడుమ 2015లో మిషెలిన్ ‘క్రాస్‌క్లైమేట్’ను తెచ్చింది. సమ్మర్ టైరు స్వభావంతోనే కొండ గుర్తు సాధించిన టైరది. కొండ గుర్తున్న ఇలాంటి టైర్లను ఉత్తర అమెరికాలో ‘ఆల్ వెదర్’ అని ప్రత్యేకంగా పిలుస్తున్నారు.

ఈ చరిత్రను బట్టి ఎంపిక తేలికే. మినియాపోలిస్, టొరంటో వంటి చోట్ల నెలల తరబడి మంచు ఉంటుంది కాబట్టి అక్కడి తెలుగువారి ఎస్‌యూవీకి విడి రిమ్ముల మీద వింటర్ జత ఉండటమే సరైనది. ఏడాదికి నాలుగైదు సార్లే మంచు పడే ఊళ్లలో కొండ గుర్తున్న ఆల్ వెదర్ టైరు చాలు. డాలస్, అట్లాంటా వంటి చోట్ల మామూలు ఆల్‌సీజన్ సరిపోతుంది, మంచు పడే ఆ ఒకటి రెండు రోజులు బండి తీయకపోతే చాలు. సున్నాకు దగ్గరగా దిగే లంబసింగి చలికైనా వింటర్ టైరు అక్కర్లేదు. హైదరాబాద్ ఎండకు ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది. ఎక్కడైనా సరే, వేసే జత నాలుగు చక్రాలకూ ఒకే రకంగా ఉండాలి.