పందెపు గుఱ్ఱముల వంశచరిత్ర

పందెములలో పరుగెత్తుటకై ప్రత్యేకముగ పెంచబడిన గుఱ్ఱపు జాతికి థరోబ్రెడ్ అని పేరు. హైదరాబాదులోని మలకపేట మైదానమందైనను, ఇంగ్లండులోని న్యూమార్కెట్‌నందైనను, అమెరికాలోని కెంటకీయందైనను పరుగెత్తునది ఈ జాతియే. ఈ జాతిలో పుట్టిన పిల్లల తల్లిదండ్రుల పేర్లను వ్రాసి యుంచు ఆచారము రెండువందల సంవత్సరములకు మించి సాగుచున్నది. ఇంత దీర్ఘమైన వంశావళి పెంపుడు జంతువులలో అరుదు. అందుచేత దగ్గరి రక్తసంబంధము గల జంతువులను జతపరచినచో తరతరములకు ఏమి జరుగునో తెలిసికొనుటకు ఈ జాతి చరిత్ర ఒక పెద్ద ప్రయోగమువలె ఉపకరించుచున్నది. ఇట్టి జతపరచుటకు శాస్త్రజ్ఞులు అంతఃప్రజననము అని పేరిడిరి.

మూడు మగగుఱ్ఱములు

17వ శతాబ్ది చివరను, 18వ శతాబ్ది మొదటను ఇంగ్లండు ప్రభువులు తూర్పు దేశములనుండి మేలుజాతి మగగుఱ్ఱములను తెప్పించి తమ దేశమందలి ఆడుగుఱ్ఱములతో జతపరచిరి. వానిలో మూడింటి మగసంతతి మాత్రమే నేటివరకు నిలిచినది. మొదటిది బైయర్లీ టర్క్. దానిపై కెప్టెన్ బైయర్లీ 1690లో ఐర్లండులో జరిగిన బోయిన్ యుద్ధమున స్వారి చేసెను. రెండవది డార్లీ అరేబియన్. థామస్ డార్లీ అను వర్తకుడు దానిని సిరియాలోని అలెప్పో నగరమున కొని, 1704లో యార్క్‌షైరునందలి తన ఇంటికి పంపెను. మూడవది గొడాల్ఫిన్ అరేబియన్. అది 1753లో మరణించెను.

ఈ జాతి కేవలము అరబ్బు రక్తమే యని చాలకాలము జనులు నమ్మిరి. కాని తల్లినుండి మాత్రమే సంక్రమించు మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను ఈ శతాబ్దిలో పరీక్షింపగా, బ్రిటన్, ఐర్లండు దేశముల నాటు ఆడుగుఱ్ఱముల భాగము గణనీయమని తేలినది. తండ్రుల పేర్లు ప్రసిద్ధికెక్కినవి. తల్లులలో పెక్కింటికి పేరు కూడ మిగులలేదు.

గ్రంథము తెరచుట, మూయుట

పందెములలో మోసములు పెరుగుటచే గుఱ్ఱముల పుట్టుపూర్వములు నమోదు చేయవలసిన అవసరమేర్పడెను. జేమ్స్ వెదర్‌బీ 1791లో వంశావళి గ్రంథమునకు పీఠికవంటి సంపుటమును ప్రకటించెను. ఇదియే తరువాత జనరల్ స్టడ్ బుక్ అయినది. క్రమముగ ఈ గ్రంథము మూతబడినది. అనగా అందు పేరున్న తల్లిదండ్రులకు పుట్టిన పిల్లకే అందు చోటు. బయటి రక్తము చేరుటకు దారి దాదాపుగా లేకుండెను.

1913లో లార్డ్ జెర్సీ పేర ఏర్పడిన నిబంధన ఈ తలుపును ఇంకను గట్టిగ బిగించెను. తల్లివైపును తండ్రివైపును ప్రతి పూర్వికుడును బ్రిటిషు గ్రంథమందుండవలెనని దాని భావము. దీనిచే అమెరికా గుఱ్ఱములలో పెక్కు సంకరములని త్రోసివేయబడెను. కాని 1948లో అట్లు త్రోసివేయబడిన మై బాబు టూ థౌజండ్ గినీస్ పందెమును, బ్లాక్ టార్క్విన్ సెయింట్ లెజర్ పందెమును గెలిచెను. మరుసటి యేట, అనగా 1949లో, ఆ నిబంధన తొలగింపబడెను. కాగితముపై శుద్ధి వేరు, కాళ్ళలోని బలము వేరు అని పరుగు మైదానమే తీర్పు చెప్పినది.

ఎక్లిప్స్

1764 ఏప్రిలు 1వ తేదీన సూర్యగ్రహణ దినమున పుట్టిన గుఱ్ఱమునకు ఎక్లిప్స్, అనగా గ్రహణము, అని పేరిడిరి. అది పరుగెత్తిన 18 పందెములలో ఒక్కటియు ఓడలేదు. అది డార్లీ అరేబియన్‌కు మునిమనుమని కుమారుడు. దాని ముత్తాత బార్ట్‌లెట్స్ చైల్డర్స్. ఈ చైల్డర్స్ తల్లి బెటీ లీడ్స్. ఈ తల్లి పూర్వికులలో స్పాంకర్ అను మగగుఱ్ఱము ఒకటికంటె ఎక్కువసార్లు కనిపించును. అంతేకాదు, స్పాంకర్‌ను దాని కన్నతల్లితోనే జతపరచిరని వంశావళి గ్రంథము చెప్పుచున్నది. జాతి బాల్యమునుండియు అంతఃప్రజననము పెంపకపుదారులకు ఆయుధముగ నుండెనని దీనివలన తెలియుచున్నది.

వారి ఆలోచన సులభమైనది. గొప్ప గుఱ్ఱము ఒక్కటియే. దాని గుణములు తరతరమునకు సగమై పలుచబడును. కావున దాని సంతతిని దాని సంతతితోనే జతపరచినచో ఆ గుణములు మరల చిక్కబడునని వారు తలచిరి. ఈ తలపున కొంత నిజము కలదు. కాని చిక్కబడునవి మంచిగుణములు మాత్రమే కావు.

ప్రకృతి లెక్క

ప్రతి లక్షణమునకును కారణమైన జన్యువు జంతువునందు రెండు ప్రతులుగ నుండును. ఒకటి తల్లినుండియు, ఒకటి తండ్రినుండియు వచ్చును. ఒక ప్రతి చెడినదైనను రెండవది మంచిదైనచో పెక్కు సందర్భములలో దోషము బయటపడదు. అట్టి దోషమును అంతర్గత లక్షణమందురు. రెండు ప్రతులును చెడినవే యైనప్పుడు అది బయటపడును. తల్లికిని తండ్రికిని ఒకే పూర్వికుడున్నచో ఆ పూర్వికుని ఒకే జన్యువు రెండు దారులలో వచ్చి పిల్లయందు కలిసికొనవచ్చును. అంతఃప్రజననమునందలి లాభమును ఇదియే, అపాయమును ఇదియే.

మెండెల్ సూత్రములు 1900లో మరల వెలుగులోనికి వచ్చిన తరువాత, 1906లో ఇంగ్లండుకు చెందిన హర్స్ట్ వంశావళి గ్రంథములనుండియే గుఱ్ఱముల రంగులను పరిశీలించి, ఎఱ్ఱగోధుమ రంగు అంతర్గత లక్షణమని చూపెను. పందెపురాయుళ్ళకై వ్రాసిన పుస్తకము జన్యుశాస్త్రమునకు సాక్ష్యమైనది.

ఈ సంబంధమును అంకెలలో కొలుచు పద్ధతిని 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్యూయల్ రైట్ కనిపెట్టెను. తండ్రినుండి బయలుదేరి ఉమ్మడి పూర్వికుని మీదుగ తల్లివరకు వచ్చి, దారిలోని జంతువులను లెక్కించవలెను. ఎన్ని యున్నవో అన్నిసార్లు సగమును సగముచే గుణించవలెను. ఉమ్మడి పూర్వికులు పెక్కురున్నచో ఇట్టి ఫలితములన్నిటిని కూడవలెను. ఆ పూర్వికుడే అంతఃప్రజననమున పుట్టినవాడైనచో ఫలితము మరికొంత పెరుగును. దీనిని అంతఃప్రజనన గుణకమందురు.

ఉదాహరణకు, 2014లో పుట్టిన ఎనేబుల్ అను ఆడుగుఱ్ఱమును తీసికొందము. దాని తండ్రి నథానియల్. నథానియల్ తండ్రి గెలీలియో. గెలీలియో తండ్రి శాడ్లర్స్ వెల్స్. ఎనేబుల్ తల్లి కన్సెంట్రిక్ తండ్రియు శాడ్లర్స్ వెల్సే. దారిలోనున్నవి నాలుగు: నథానియల్, గెలీలియో, శాడ్లర్స్ వెల్స్, కన్సెంట్రిక్. సగమును నాలుగుసార్లు గుణించిన 1/16, అనగా 6.25 శాతము.

మన తెలుగునాట మేనబావను పెండ్లాడిన స్త్రీ బిడ్డకు లెక్కించినను ఈ 1/16 యే వచ్చును. అచట దారిలో అయిదుగురు, కావున 1/32. తాత, అమ్మమ్మ ఇద్దరును ఉమ్మడి పూర్వికులు గనుక దానికి రెండింతలు. మేనమామను పెండ్లాడినచో 1/8. ఆంధ్రప్రదేశమున ఇట్టి వివాహములు ఎంత తరచుగ జరుగుచున్నవో, వాని ఫలితములేమో అను విషయమును హాల్డేన్ శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్ పరిశీలించి 1963లో ప్రకటించిరి. గుఱ్ఱమునకును మనిషికిని లెక్క ఒక్కటియే.

ఒక పొట్టి గుఱ్ఱపు సామ్రాజ్యము

1961లో కెనడాలో నార్దర్న్ డాన్సర్ అను పొట్టి గుఱ్ఱము పుట్టెను. ఏడాది పిల్లగా దానిని 25,000 డాలర్లకు అమ్మజూపగా కొనువారు లేకపోయిరి. అది 1964లో కెంటకీ డెర్బీని గెలిచెను. దాని కుమారుడు శాడ్లర్స్ వెల్స్, మనుమడు గెలీలియో సంతతి పందెములనేలినది. 20వ శతాబ్ది మధ్యకాలమున ఒక మగగుఱ్ఱమునకు ఏటా సుమారు నలుబది ఆడుగుఱ్ఱములను జతపరచెడివారు. తరువాత ఆ సంఖ్య కొన్నింటికి రెండువందలు దాటెను. కృత్రిమ గర్భధారణ ఈ జాతియందు నిషిద్ధమైనను, విమానములలో మగగుఱ్ఱములను ఉత్తరార్ధగోళమునుండి దక్షిణార్ధగోళమునకు పంపుటచే ఒక్క గుఱ్ఱమే రెండు ఖండములలో తండ్రి కాగలిగెను.

ఫలితమును డి.ఎన్.ఏ. చూపెను. మగసంతతి దారులలో 95 శాతము డార్లీ అరేబియన్‌కే చేరునని 2001లో డబ్లిన్ నగరమున జరిగిన పరిశోధన తెలిపెను. 1961 మొదలు 2006 వరకు పుట్టిన గుఱ్ఱములను పోల్చిన 2012 నాటి పరిశోధన, అంతఃప్రజననము పెరిగినదనియు, ఆ పెరుగుదలలో ఎక్కువ భాగము 1996 తరువాతిదే యనియు చూపెను. 2020లో పదివేలకు పైగా గుఱ్ఱములను పరిశీలింపగా 97 శాతము వంశావళులలో నార్దర్న్ డాన్సర్ కనిపించెను.

గెలిచినవి, కనబడనివి

ఎనేబుల్ 2017, 2018 సంవత్సరములలో ఫ్రాన్సునందలి ఆర్క్ డి ట్రయంఫ్ పందెమును గెలిచినది. మరి అంతఃప్రజననము చెడ్డదని ఎట్లు చెప్పగలము అని విద్యార్థి అడుగవచ్చును. గెలిచిన గుఱ్ఱము పేరు పత్రికలలో పడును. అదే విధముగ పుట్టి, బలహీనమై, మైదానమునకే రాని గుఱ్ఱము పేరు ఎవ్వరును వ్రాయరు. గెలిచినవానిని మాత్రమే లెక్కించుట శాస్త్రము కాదు.

అందుచేత శాస్త్రజ్ఞులు రానివానిని కూడ లెక్కలోనికి తీసికొనిరి. 2022లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము అంతఃప్రజననము 10 శాతము పెరిగినచో, గుఱ్ఱము ఒక్క పందెమునైనను పరుగెత్తు అవకాశము 7 శాతము తగ్గును. తరతరముల ఎన్నికలో కొన్ని చెడు జన్యువులు ఏరివేయబడుటయు నిజమే. కాని ఒక్కసారి జాతినుండి పూర్తిగ పోయిన జన్యువును, గ్రంథము మూసియున్నంతకాలము, తిరిగి తెచ్చుటకు వీలులేదు.

2020లో అమెరికా జాకీ క్లబ్బు ఒక నియమము చేసెను. ఆ యేటను తరువాతను పుట్టిన మగగుఱ్ఱములకు ఏటా 140 ఆడుగుఱ్ఱములకు మించి జతపరచరాదని దాని సారాంశము. పెద్ద పెంపకశాలలు న్యాయస్థానమునకెక్కెను. 2022లో ఆ నియమము ఉపసంహరింపబడెను. ప్రసిద్ధమైన మగగుఱ్ఱముతో ఒక్క జతకు లభించు సొమ్ము ఎంతో పెద్దది. జాతి వైవిధ్యమువలని లాభము ఏ ఒక్క యజమాని ఖాతాలోను చేరదు. చిక్కంతయు ఇచటనే యున్నది.

వరి వంగడములకును, పశువులకును, కోళ్ళకును ఈ పాఠము వర్తించును. మేలైన ఒక్కదానినే అందరును కోరినచో ఆ మేలుతోపాటు దానిలో దాగిన లోపమును అందరి యింటికిని చేరును. వంశావళిని చదువునపుడు ప్రసిద్ధమైన పేరు ఎన్నిసార్లు వచ్చినదో చూచుటతోపాటు, ఎన్ని వేరు వేరు పేర్లు మిగిలియున్నవో కూడ లెక్కింపవలెను.