ఫిజీ చెరకు తోటలలో తెలుగువారు

మన గుంటూరు సీమలో పత్తి తీయు కూలి పొద్దుగూకునప్పటికి తన యింటికి చేరును. 1903 నుండి మద్రాసు రేవున ఓడనెక్కి పసిఫిక్ సముద్రమందలి ఫిజీ దీవులకు పోయిన తెలుగు కూలీలకు ఆ భాగ్యము లేకుండెను. 5 ఏండ్ల ఒడంబడికను వారు ‘గిర్మిట్’ అనిరి. పురుషునకు దినమునకు 1 షిల్లింగు, స్త్రీకి 9 పెన్నీలు కూలి. అదియు ఒప్పగించిన పని ముగిసిననే. 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గల గదిలో ఒక కుటుంబమో, ముగ్గురు ఒంటరివారో తలదాచుకొనిరి.

1920లో ఆ ఒడంబడికలు రద్దయ్యెను. పెక్కురు అచ్చటనే కౌలుకు భూమి తీసికొని చెరకు పండించిరి. భారతీయులందరి నడుమ హిందీ వాడుక కాగా, తెలుగు ఇండ్లలోనే మిగిలెను. అందుచే వారు సంఘములు కట్టి, బడులు నెలకొల్పిరి. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగము వెలసెను. చెమటోడ్చి చేను సంపాదించిన వారికి మాటను నిలుపుకొనుటయే కష్టతరమయ్యెనని మనము గ్రహింపవలెను.