లెక్కకు రాని పరుగు

పీటర్‌మారిట్జ్‌బర్గ్ అనగానే, 1893లో గాంధీజీని రైలు నుండి దించివేసిన స్టేషను మనకు జ్ఞప్తికి వస్తుంది. ఆ నగరానికీ డర్బన్‌కూ నడుమ కొండదారిన సాగే కామ్రేడ్స్ పరుగుపందెం చరిత్ర చదువుతున్నప్పుడు నాకు మళ్లీ మళ్లీ ఆ రైలే కన్పించింది. చెరకుతోటల కూలికై ఓడలెక్కిన మన తెలుగువారి సంతతి నేటికీ నివసించే సీమ అది.

మొదటి ప్రపంచ యుద్ధంలో అసువులు బాసిన సహచరుల స్మృత్యర్థం విక్ క్లాఫమ్ అనే మాజీ సైనికుడు 1921లో ఈ పందెమును ఆరంభించాడు. దూరం సుమారు 90 కిలోమీటర్లు. తొలియేట బయలుదేరినవారు 34 మంది, గమ్యం చేరినవారు 16 మంది! డర్బన్ నుండి ఎగువకు పరుగెత్తేవారికి పెద్ద కొండలలో చివరిది పాలీ షార్ట్స్. కాళ్లు సత్తువ కోల్పోయిన వేళ ఎదురయ్యే ఎత్తు అది. అక్కడ నడకకు దిగనివారు అరుదు.

1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే వనిత ఈ దారినంతా పరుగెత్తింది. 1935లో రాబర్ట్ మ్చాలి అనే నల్లజాతీయుడు తొమ్మిదిన్నర గంటలలో ముగించాడు. ఇరువురి పరుగూ అధికారుల లెక్కకు రాలేదు. కొండకు లేని భేదం పట్టీకి ఉన్నది! స్త్రీలకూ నల్లవారికీ 1975లో గాని అధికారిక ప్రవేశం లభించలేదు.

2019లో మ్చాలి పేరిట ఒక పతకం నెలకొల్పారు. అది విజేతలకు కాదు. తొమ్మిది, పది గంటల నడుమ రొప్పుతూ వచ్చి చేరే సామాన్యులకు.