కార్డు మన ఇంటికి ఎలా వచ్చింది?

మన బడుల్లో ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలందరూ ఆరోగ్యశ్రీ వచ్చాక పుట్టినవాళ్లే. ఇంట్లో దూలానికి వేలాడే సంచిలో రేషన్ కార్డుతో పాటు ఆరోగ్య కార్డు కూడా ఎప్పట్నుంచో ఉందని వాళ్లు అనుకుంటారు. పేద ఇంటి పిల్లకు పెద్ద జబ్బు చేస్తే ప్రభుత్వం డబ్బు కట్టడం గాలీ నీరూ లాగా ఉన్న సంగతి అనుకుంటారు. అది నిజం కాదు. దాని వెనుక ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనం గెలుచుకున్నది ఉంది, ఇంకా గెలవాల్సింది కూడా ఉంది. ఈ రెండూ తెలియాలనే ఈ వ్యాసం.

స్వాతంత్ర్యం రాకముందే, 1946లో, జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఒక మాట చెప్పింది. డబ్బు కట్టలేని కారణంగా ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదని దాని సారం. మాట గొప్పది. కానీ ఆచరణలో ముందుగా రక్షణ దొరికింది నెల జీతం ఉన్నవాళ్లకు. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికులకు, తర్వాత వాళ్ల భార్యాపిల్లలకు ఆసుపత్రి ఖర్చు తప్పింది. 1954లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సీజీహెచ్ఎస్ మొదలైంది. ఆ పిల్లలకు అది దక్కాల్సిందే, తప్పు లేదు. అయితే పోడు కొట్టుకునే తండ్రికి యజమాని ఎవరు? అడ్డాకులు ఏరి కుట్టే తల్లికి జీతం చీటీ ఎవరిస్తారు? యజమాని పేరు రాయాల్సిన గడిలో మనవాళ్లకు రాయడానికి ఏమీ లేదు. అందుకని మన పిల్లలు ఆ లెక్కల్లోకి రాలేదు.

మనకంటూ ఇచ్చింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మైదానంలో 30 వేల మందికి ఒకటి అయితే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒకటి ఉండాలని నియమం పెట్టారు. ఉపకేంద్రం మైదానంలో 5 వేల మందికి, మన దగ్గర 3 వేల మందికి. నియమం మంచిదే. కానీ గూడెం నుంచి గూడేనికి ఒక కొండ, ఒక వాగు అడ్డం ఉన్న చోట 3 వేల మంది అంటే ఎన్ని కొండలో కాగితం మీద కనిపించదు. జ్వరమొస్తే ముందు దిసారి దగ్గరికో, ఎజ్జోడి దగ్గరికో పోయేవాళ్లం. అక్కడ తగ్గకపోతే డోలీ కట్టేవాళ్లం. పట్నం ఆసుపత్రి అన్నారంటే మేక, ఆవు, ఆ ఏటి పసుపు అన్నీ సంతకు పోయేవి. అవి చాలకపోతే సాహుకారు దగ్గర అప్పు. పిల్ల బతికినా అప్పు బతికే ఉండేది.

గుండెలో పుట్టుకతో లోపం ఉన్న పిల్లలకైతే అమ్మడానికి ఎన్ని మేకలున్నా చాలవు. 2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇలాంటి చిన్నపిల్లల గుండె ఆపరేషన్లకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి కూడా వైద్యానికి సాయం అందేది. 2004 మే నుంచి 2007 జూన్ దాకా 55 వేలకు పైగా దరఖాస్తులకు సుమారు 168 కోట్లు ఇచ్చారు. అది చిన్న మొత్తం కాదు. కానీ అది దరఖాస్తు పెట్టుకున్న వాళ్లకు అందిన సాయం. దరఖాస్తు రాయాలి, ఆసుపత్రి అంచనా కాగితం తేవాలి, నాయకుడి సిఫార్సు సంపాదించాలి, హైదరాబాద్ దాకా పోవాలి. తెలుగే సరిగ్గా రాని తల్లి ఇవన్నీ ఎలా చేయగలదు? అడగగలిగినవాళ్లకు అందింది. అడగలేనివాళ్లు గూడెంలోనే ఉండిపోయారు.

అందుకే 2007 ఏప్రిల్ 1ని మనం గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా వచ్చింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. కుటుంబం కట్టాల్సింది ఏమీ లేదు. మొదట బీమా కంపెనీకి కట్టే ప్రీమియం మొత్తం ప్రభుత్వమే కట్టింది. తర్వాత ట్రస్టు ద్వారా నేరుగా ఆసుపత్రులకు చెల్లించింది. జాబితాలో 942 చికిత్సలు చేరాయి. పుట్టుకతో చెవుడు ఉన్న పిల్లలకు చెవిలో యంత్రం అమర్చి, మాట నేర్పించడానికి ఆరున్నర లక్షల దాకా ఇచ్చారు. ఆసుపత్రిలో దారి చూపడానికి ఆరోగ్యమిత్రలను పెట్టారు. దీనిలోని అసలు మార్పు డబ్బు కంటే పెద్దది. అంతకుముందు మనం చేతులు జోడించి అడిగేవాళ్లం. ఇప్పుడు కార్డు చూపిస్తున్నాం. అడుక్కునేది హక్కుగా మారింది.

దాని విలువ మేము కళ్లారా చూశాం. మా బడిలో మూడో తరగతి చదివే పాప నాలుగడుగులు పరుగెత్తితే కూర్చుండిపోయేది. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగేవి. గాలి సోకిందని ఇంట్లో మొక్కులు మొక్కారు. వైద్య శిబిరానికి తీసుకెళ్తే గుండెలో రంధ్రం ఉందన్నారు. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. తల్లిదండ్రులు ఒక్క మేకను కూడా అమ్మలేదు. తర్వాతి ఏడాది ఆటల పోటీల్లో ఆ పాప పరుగెత్తింది. గెలవలేదు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ రోజుల్లోనే అదే బడిలో చదివే ఒక బాబుకు వానాకాలంలో చలిజ్వరం వచ్చింది. అప్పటికే ఒంట్లో రక్తం తక్కువ. రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. తెల్లారేదాకా వాగు దిగలేదు. డోలీలో మోసుకొస్తుండగా, తారురోడ్డు కనిపించే చోట ప్రాణం పోయింది. ఆ ఇంట్లో కూడా కార్డు ఉంది. మేము ఆ ఇద్దరికీ పాఠం చెప్పినవాళ్లం. అందుకే ఆరోగ్యశ్రీని పొగిడేవాళ్లతో సగం, తిట్టేవాళ్లతో సగం మాత్రమే ఒప్పుకుంటాం.

తేడా ఎక్కడ వచ్చింది? బీమా పనిచేసే తీరులోనే ఉంది. రోగి ఆసుపత్రిలో చేరాలి. జబ్బు జాబితాలో ఉండాలి. అప్పుడు ఆ ఆసుపత్రికి డబ్బు పోతుంది. ఆసుపత్రులు ఉన్నవి పట్నాల్లో. మొదటి జాబితాల్లో ఎక్కువ భాగం పెద్ద ఆపరేషన్లే. మన పిల్లలను ఎక్కువగా పట్టి పీడించేవి మలేరియా, విరేచనాలు, రక్తహీనత, తక్కువ బరువుతో పుట్టడం. వీటికి కావాల్సింది కత్తి కాదు. దోమతెర, మంచినీరు, గుడ్డు, రక్తపరీక్ష, మందులతో వచ్చే ఏఎన్ఎం, రాత్రి కూడా తెరిచి ఉండే ఆరోగ్య కేంద్రం, అక్కడికి పోవడానికి రోడ్డు. వీటికి కార్డు చూపించే కిటికీ లేదు. ప్రభుత్వ డబ్బు పట్నం ఆసుపత్రుల వైపు ఎక్కువగా పారి, ఊరి ఆరోగ్య కేంద్రం ఎండిపోతోందని అప్పట్లోనే ప్రజారోగ్యం గురించి పనిచేసేవాళ్లు హెచ్చరించారు. ఆ హెచ్చరిక మన కొండల్లో అందరికంటే ముందు నిజమైంది.

దేశమంతా చూసినా ఇదే పాఠం. 2008లో కేంద్రం పెట్టిన ఆర్‌ఎస్‌బీవై పథకంలో కుటుంబానికి ఏడాదికి 30 వేలు, అదీ ఐదుగురికి మాత్రమే. ఇంట్లో ఏడుగురుంటే కార్డులో పేరు లేని ఆ ఇద్దరు ఎవరు? ముసలమ్మా, చివరి పాపా? 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఆ ఐదుగురి లెక్క తీసేసి, 5 లక్షలకు పెంచింది. 2023 డిసెంబర్‌లో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరూ మారింది, జాబితా కూడా పెరిగింది. ఇవి మంచివే. అయితే 2 లక్షలు 25 లక్షలైనంత మాత్రాన గూడెం నుంచి ఆసుపత్రికి దూరం ఒక్క అడుగు కూడా తగ్గదు.

పిల్ల ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, పిల్ల ఉన్నచోటికే ప్రభుత్వ డబ్బు నడిచొచ్చిన పనులు కూడా ఉన్నాయి. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా 30 రకాల లోపాలు, జబ్బులు చూడాలి. 2023 జూలై 1న సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. ఇది ఆదివాసుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు. తల్లి నుంచి, తండ్రి నుంచి కలిసి వస్తుంది. ఈ జబ్బు ఉన్న పిల్లకు ఒక్క ఆపరేషన్‌తో తీరిపోదు. ప్రతి నెలా మాత్రలు, పరీక్షలు, అవసరమైనప్పుడు రక్తం, ఇలా బతికినంత కాలం కావాలి. ఆసుపత్రిలో చేరిన రోజులకే డబ్బు కట్టే బీమా ఆ పిల్లను ఒంటరిగా కాపాడలేదు. పక్కనే ఆరోగ్య కేంద్రం కూడా బతికుండాలి.

ఇక మనం చేయాల్సింది ఏమిటి? ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లల పేర్లు జనన ధృవీకరణ పత్రంలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉండటం మనకు తెలుసు. బడిలో చేర్చుకునే రోజునే మనకు నచ్చినట్టు పేరు రాసి ఆ తప్పుకు మొదలు పెట్టింది కొన్నిసార్లు మనమే. అది ఆపరేషన్ రోజున బయటపడితే పిల్ల ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఏటా బడి తెరిచిన నెలలోనే కార్డులు సరిచూద్దాం. రేషన్ కార్డులో పేరు ఎక్కని పిల్లల జాబితా రాద్దాం. వైద్య బృందం వచ్చే రోజున ఒక్క పిల్ల కూడా బడి మానకుండా చూద్దాం. వాళ్లు రాసిచ్చిన చీటీ తర్వాత ఏమైందో రిజిస్టర్‌లో రాసుకుందాం. చాలా చీటీలు పుస్తకాల సంచిలోనే నలిగిపోతున్నాయి.

యువతకు చెప్పేది ఇంకొకటి. ఆశ, ఏఎన్ఎం, నర్సు, ఆరోగ్యమిత్ర ఉద్యోగాల్లో మన భాష మాట్లాడేవాళ్లు ఉంటే, తల్లి చెప్పే బాధ డాక్టర్ దాకా చేరుతుంది. ఆ చదువులకు పోండి. గ్రామసభలో కూర్చున్నప్పుడు పింఛన్లూ ఇళ్లూ అడిగినట్టే, ఆరోగ్య కేంద్రంలో రాత్రి ఎవరుంటున్నారు, ఆశ్రమ పాఠశాలలో ఏఎన్ఎం ఉందా, మలేరియా మందు ఉందా అని అడగండి. తీర్మానం రాయించండి.

పట్నంలో గుండె ఆపరేషన్ మన పిల్లల హక్కు. గూడెంలో జ్వరానికి మందు కూడా అంతే హక్కు. ఒకటి వచ్చింది కదా అని రెండోదాన్ని వదులుకోవద్దు, రెండోది రాలేదని మొదటిదాన్ని తీసిపారేయవద్దు. పరుగెత్తిన పాపను తలచుకుని కార్డును కాపాడుకుందాం. తారురోడ్డు దాకా రాలేకపోయిన బాబును తలచుకుని మిగతాది అడుగుదాం.