తెర వెనక దీపం, బల్ల మీద దీపం

ఎర్రమంచి అనగానే ఇప్పుడు అందరికీ కియా కార్లే గుర్తొస్తాయి. పెనుకొండ దగ్గర జాతీయ రహదారి పక్కన 536 ఎకరాల్లో వెలసిన ఆ కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. అంతకు చాలా ముందే ఈ ప్రాంతం నుంచి మరో వింత వస్తువు ఊళ్లు దాటి, దేశాలు దాటి జనం ఇళ్లల్లోకి చేరింది. అది మేకతోలుతో చేసిన ల్యాంప్‌షేడ్. పుట్టిల్లు ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. ఆన్‌లైన్ దుకాణంలో ఫొటో చూసి రంగు కాగితమో ప్లాస్టిక్కో అనుకునేవాళ్లూ ఉంటారు.

నిమ్మలకుంట కళాకారులు తరతరాలుగా తోలుబొమ్మలు ఆడించినవాళ్లు. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస, తెర వెనక పాడేది తెలుగు. పొద్దుగూకాక తెల్లబట్ట తెర కట్టి, వెనక చమురు దీపం పెట్టి, సుందరకాండో విరాటపర్వమో తెల్లవార్లూ నడిపేవారు. ఆట ఇంటిల్లిపాదిదీ. యుద్ధం ఘట్టం వస్తే కాళ్లకింది చెక్కలు దడదడలాడాల్సిందే. జనం కునుకు తీస్తున్నారనిపిస్తే హాస్య పాత్రలైన కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకి, నాలుగు మోటు మాటలతో నిద్ర వదలగొట్టేవారు. ఆ తర్వాత ఊళ్లకు సినిమా వచ్చింది, ఇళ్లకు టీవీ వచ్చింది. రాత్రంతా మేలుకొనే జనం పలచబడ్డారు. ఆట లేనప్పుడు బొమ్మ చేసే చేతికి పనేముంది?

దానికి జవాబు బొమ్మలోనే దాగి ఉంది. కేరళ తోలుబొమ్మలాట తోల్‌పావకూత్తు చూడండి, తెర మీద పడేది నల్లని నీడ. జావా వయాంగ్ కులిత్‌లో గేదెతోలు బొమ్మకు ఎన్ని రంగులు పూసినా నీడ ప్రధానంగా నలుపే. మన బొమ్మది రంగుల నీడ. కారణం తోలులో ఉంది. చెప్పులకు చేసినట్టు దీన్ని పదును చెయ్యరు. నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెడతారు. ఆరాక వెలుతురు అందులోంచి దూరిపోతుంది. రెండు వైపులా రంగులద్ది, నగలకూ చీర అంచులకూ ఉలితో సన్నని చిల్లులు కొడితే, వెనక దీపం వెలగ్గానే వడ్డాణం నిజంగానే తళుక్కుమంటుంది. ఆ ముఖాల్లో, ఆ బట్టల అంచుల్లో హిందూపురం పక్కనున్న లేపాక్షి గుడి కుడ్యచిత్రాల పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక ల్యాంప్‌షేడ్‌కు మిగిలిందేమిటి? తెర తీసెయ్యడం, చమురు దీపం చోట బల్బు పెట్టడం, తోలును గుండ్రంగా చుట్టడం. ఇనుప తీగతో చట్రం చేసి, తడి తోలును దానికి చుట్టి కుడతారు. ఆరేకొద్దీ అది ముడుచుకుని డప్పు తోలులా బిగుసుకుంటుంది. వినడానికి తేలికే. కానీ పాత బొమ్మను ఒక్క వైపు నుంచి చూస్తే సరిపోయేది. ఇది గది నడుమ నిలబడుతుంది, నాలుగు దిక్కుల నుంచీ చూస్తారు. గీత ఎక్కడ మొదలెట్టినా తిరిగి వచ్చి అతకాలి. హస్తకళల సంస్థలు, లేపాక్షి పేరుతో నడిచే ప్రభుత్వ ఎంపోరియాలు, నగరాల్లోని మేళాలు కొనేవాళ్లను చూపించాయి. ఆ సాయం చిన్నది కాదు. అయినా నా దృష్టిలో సగం పని ఆ పాత బొమ్మే చేసిపెట్టింది. కొన్న వారికి ఒక్క మాట: తడి తగలనివ్వకండి, తోలు మెత్తబడి వదులవుతుంది. పాతకాలపు వేడి బల్బు కన్నా ఎల్‌ఈడీ మేలు.

ఆ దీపాల వెనకే చెవికమ్మలు, గోడ బొమ్మలు వచ్చాయి. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయనకు ఆ గౌరవం దీపాలు అమ్మినందుకు కాదు, బొమ్మలాటకు.

తేడా అక్కడే ఉంది. బొమ్మకు భుజం, మోచెయ్యి, నడుము విడివిడిగా కదిలేవి. దీపం మీద హనుమంతుడు తోక ఎత్తి అలాగే ఉండిపోతాడు. పాట లేదు, వాదులాట లేదు. కొనేవాళ్లు గణపతిని అడుగుతారు, రాధాకృష్ణులను అడుగుతారు, నెమళ్లను అడుగుతారు. కేతిగాడు మాత్రం ఏ దీపం మీదా నా కంటపడలేదు. అతిథులు కూర్చునే గదిలో అతని నోరు భరించడం ఎవరికైనా కష్టమే మరి.