గీతలకు కూడా ధర కట్టాలా?

ఈసారి గిటారు గురించి రాస్తున్నాను. రైల్వేలో గుమాస్తాగా రిటైరైనవాడికి గిటారుతో ఏం పని అనుకోకండి, పని పడింది. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాత మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు పోయిన వారం ఫోన్ చేశాడు. "మామయ్యా, ఎలక్ట్రిక్ గిటారు కొంటున్నాను. నాలుగు లక్షలు. మూడు కూడబెట్టాను, ఒక లక్ష సర్దుతావా?" అన్నాడు. ఫొటో చూసి నాకు మతిపోయింది. రంగు పెచ్చులూడింది, మరలకు తుప్పు పట్టింది, వెనకవైపు బెల్టు బకిల్ గీరుకున్న గుర్తులు. "సెకండ్‌హ్యాండ్‌కి అంత పెడతావురా?" అంటే, "కాదు మామయ్యా, కొత్తదే. కంపెనీవాళ్లే అలా పాతగా చేసి అమ్ముతారు. రెలిక్ అంటారు" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు పార్సిల్ ఆఫీసులో కూర్చున్నవాణ్ణి. పెట్టె మూల నలిగి ఉంటే ఆ సంగతి కాగితం మీద రాయకుండా బుక్ చేసేవాణ్ణి కాదు. దెబ్బ తగిలితే విలువ తగ్గుతుంది, నాకు తెలిసిన లెక్క అదే. దెబ్బలకే ఎదురు డబ్బు ఇవ్వడం ఏమిటో తెలుసుకుందామని వారం రోజులు దాని చరిత్ర చదివాను.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ ఊళ్లో లియో ఫెండర్ అనే రేడియో రిపేరు చేసే ఆయన ఉండేవాడు. లోపల డొల్ల లేకుండా గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారును 1950లో మార్కెట్లోకి తెచ్చాడు. అదే తరువాత టెలికాస్టర్ అయింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. వాటికి వేసిన రంగు, ఆ రోజుల్లో కార్లకు వేసే నైట్రోసెల్యులోజ్ లక్క. అది పల్చని పూత. ఎండకు పసుపెక్కుతుంది, చలికీ వేడికీ సన్నగా పగుళ్లు తీస్తుంది, చెయ్యి ఆనినచోట అరిగి చెక్క బయటపడుతుంది. అంటే ఆ గిటార్లకు మనుషుల్లాగే వయసు కనబడుతుంది.

1965లో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే పెద్ద సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మేశాడు. ఆ తరువాత పనితనం తగ్గిందని వాయించేవాళ్లు చెప్పుకున్నారు. 1960ల చివరికి లక్క పోయి, మందంగా ప్లాస్టిక్‌లా ఉండే పాలిస్టర్ పూత వచ్చింది. అది అంత తేలిగ్గా అరగదు, పగలదు. దాంతో 1965కు ముందువాటికి గిరాకీ పెరిగింది. అవేమో లెక్కకు కొన్నే. మామూలు వాద్యగాడికి అందని ధర అయిపోయింది.

ఆ కొరతలో నుంచి పుట్టిందే ఈ రెలిక్. 1985లో కంపెనీని సీబీఎస్ నుంచి అందులో పనిచేసేవాళ్లే కొన్నారు. 1995లో విన్స్ క్యునెట్టో అనే పనివాడి చేత కొత్త గిటార్లను పాతవాటిలా చేయించి, కాలిఫోర్నియాలో జరిగిన వాయిద్యాల ప్రదర్శనలో పెట్టారు. ఆర్డర్లు వచ్చిపడ్డాయి. కొత్తలా ఉండేది ఒక రకం, బీరువాలో దాచినట్టు కొద్దిగా పాతబడింది ఒక రకం, బాగా వాడినట్టు కనబడేది మరో రకం అని మూడు తరగతులు చేశారు. గరుకు కాగితంతో రుద్దుతారు, బాగా చల్లబరిచి వెంటనే వేడి తగిలించి పగుళ్లు తెప్పిస్తారు, ఆమ్లం ఆవిరి పట్టించి మరలకు తుప్పు తెస్తారు. నేర్పున్న పనే, కాదనను.

అదే 1995లో రోరీ గల్లఘర్ అనే ఐర్లండ్ కళాకారుడు చనిపోయాడు. 1963లో కార్క్ నగరంలో 100 పౌండ్లకు కొన్న స్ట్రాటోకాస్టర్‌నే జీవితాంతం వాయించాడు. ఆయన చెమటకే దాని రంగు దాదాపు అంతా పోయింది. 2024లో లండన్ వేలంలో దానికి 9 లక్షల పౌండ్ల దాకా పలికింది, కొన్నవాళ్లు దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చారు. ఆ అరుగుదలను ఉన్నదున్నట్టు దింపి కంపెనీ నకళ్లు కూడా అమ్మింది. ఒకే గీత, ఒకచోట ముప్పై ఏళ్ల చెమట, ఇంకోచోట గరుకు కాగితం.

మరి శబ్దం? ఎలక్ట్రిక్ గిటారులో తీగ కదలికను పట్టేది అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన రాగి తీగ. పై రంగు ఊడినంత మాత్రాన పాట మారిపోదు. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ సంగతే చూడండి. నాలుగు జంటలుగా ఉండే ఎనిమిది తీగలు తీసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ చేసినప్పుడు తొమ్మిదేళ్లవాడు. ఆ వాయిద్యానికి మన సంగీతంలో పాత పేరు లేదు. పేరు తెచ్చింది చెయ్యి.

రెలిక్ కొనడంలో లాభమే లేదా అంటే, ఉంది. మెడ వెనక పూత తీసేసి ఉంటే చెయ్యి జారుడుగా, హాయిగా కదులుతుందట. మొదటి గీత పడుతుందన్న భయం లేకుండా బయటికి తీసుకుపోవచ్చు. కానీ ఆ అరుగుదలను కాలం నాటిదిగా ఎవరూ లెక్కగట్టరు. తిరిగి అమ్మేటప్పుడు అది 1960 నాటి గిటారు అయిపోదు. పైగా ఆ లక్కకు రబ్బరు స్టాండు పడదు, మన రాయచూరు ఎండ అసలు పడదు. ఇక్కడ నాలుగు వేసవులు వాయిస్తే పగుళ్లు ఉచితం.

వాడికి ఈ నాలుగూ చెప్పాను. కళ్లు మూసుకుని రెలిక్‌నూ మామూలుదాన్నీ పక్కపక్కన వాయించి చూడు. మెడ వంగిందేమో చూడు. మెట్లు అరగకూడదు, అది అందం కాదు, లోపం. తుప్పు పట్టించిన మరలు తిరుగుతున్నాయో లేదో తిప్పి చూడు.

ఇంకొక మాట వాడికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. మా నాన్నగారి హార్మోనియం ఒకటి ఉండేది. శనివారం భజనల్లో నలభై ఏళ్లు వాయించారు. మధ్య స్వరాల మెట్ల మీద ఆయన వేళ్ల గుంటలు పడ్డాయి. ఆయన పోయిన ఏడాది నేనే దాన్ని బాగుచేయించాను. మెట్లన్నీ కొత్తవి వేయించి, పాలిష్ పెట్టించి ఇంటికి తెచ్చాను. అమ్మ చూసి, "మీ నాన్న వేళ్లు ఏవిరా?" అంది. పాత మెట్లు అడగడానికి మర్నాడే వెళ్లాను, అప్పటికే పారేశారు. తప్పు పనివాడిది కాదు, నాది.

నేను డబ్బిచ్చి చెరిపించుకున్నదాన్ని మేనల్లుడు డబ్బిచ్చి గీయించుకోబోతున్నాడు. అందుకే వాడికి ఇలా చెప్పాను: "లక్ష ఇస్తాను, అప్పు కాదు, కానుక. గీతలు లేనిది కొనుక్కో. నీ మూడు లక్షలూ నీ దగ్గరే ఉంచుకో. గీతలు నువ్వే పెట్టు." ఆలోచిస్తానన్నాడు. వాడి ఇష్టం.

మీ ఇళ్లలో పెద్దవాళ్ల వాయిద్యాలు ఉంటే, పాలిష్‌కు ఇచ్చేముందు ఒక్కసారి ఫొటో తీసి మన గ్రూపులో పెట్టండి. అరిగినచోటు దగ్గరగా కనబడేలా తీయండి.