పదహారణాల పంట, పది చేల లెక్క

అనంతపురంలో ప్రతి కరువూ ఒకే తగువుతో మొదలవుతుంది: పంట ఎంత పోయింది? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మీద బతికే మెట్ట నేలలో జవాబు తేలడం కష్టమే. 1876-78 ధాత కరువు నాటికి ఈ సీమ బళ్లారి జిల్లాలో భాగం. విడి జిల్లా అయింది 1882లో. రెవెన్యూవారు అప్పట్లో పంటను కంటిచూపుతోనే కట్టేవారు. పదహారణాల పంటలో ఈ ఏడు ఎన్ని అణాలని చెప్పేవారు. ఆ చూపు ఎంత తప్పగలదో తేల్చే కొలత లేదు.

ఆ కొలతకు పునాది 1733లోనే పడింది. నాణేన్ని చాలాసార్లు ఎగరేస్తే బొమ్మల లెక్క గంట ఆకారపు వక్రరేఖలో సర్దుకుంటుందని లండన్‌లో గణితవేత్త డి మువావ్ర్ చూపాడు. లాప్లాస్ దాన్ని విస్తరించాడు. అది మన చేలకు చేరడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. 1920ల్లో బిహార్-ఒరిస్సాలో హబ్బాక్, 1937 నుంచి బెంగాల్ జనపనార సర్వేల్లో మహలనోబిస్, తర్వాత సుఖాత్మె నమూనా పంట కోతలకు దారి వేశారు. ఆనాటి బళ్లారి జిల్లా హడగళిలో 1920లో పుట్టిన గణాంకవేత్త సి.ఆర్. రావు 1941లో మహలనోబిస్ గణాంక సంస్థలో చేరారు.

పంట కోత ప్రయోగం చూడండి. యాదృచ్ఛిక సంఖ్యలతో సర్వే నంబరు ఎంచుతారు. చేలో అయిదు మీటర్ల చదరానికి మేకులు దిగ్గొట్టి తాడు కడతారు. అందులోని శెనక్కాయ చెట్లు పీకి, కాయలు తెంపి తూకం వేస్తారు.

ఇక లెక్క. నిజంగా 40 శాతం చేలు ఎండాయనుకుందాం. 100 చేలు చూస్తే నిష్పత్తి క్రమవిచలనం 0.4ను 0.6తో గుణించి, 100తో భాగించి, వర్గమూలం తీస్తే వస్తుంది: సుమారు 4.9 శాతం. కాబట్టి సగం లేదా అంతకు మించి ఎండినట్టు కనబడే సంభావ్యత 3 శాతం లోపే. చూసినవి పదే అయితే అది 37 శాతం, నాలుగే అయితే 52. ఇంత చిన్న నమూనాకు వక్రరేఖ పనికిరాదు. ఎండినవి, ఎండనివి రెండూ సగటున కనీసం అయిదేసి ఉండాలి.

1999లో మొదలైన జాతీయ వ్యవసాయ బీమా పథకం మండలానికి పది కోతలు అడిగింది. 2016 నాటి ఫసల్ బీమా ప్రధాన పంటలకు పంచాయతీకి నాలుగన్నది. బీమా చూసేది సగటు దిగుబడినే అయినా, చిన్న నమూనా బెడద అక్కడా తప్పదు.

ఇంకో చిక్కు ఉంది. ఒక చేను ఎండటానికీ పక్క చేను ఎండటానికీ సంబంధం లేదనుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది. అనంతపురంలో వాన ముఖం చాటేస్తే ఊరంతా ఒకేసారి ఎండుతుంది. ఒకే ఊళ్లోని వంద చేలు వంద సాక్ష్యాలు కావు. అందుకే కోతలు పెంచడంతోపాటు వాటిని ఎక్కువ ఊళ్లకు పంచాలి, అంచనా పక్కన దాని తప్పు హద్దునూ ప్రకటించాలి. అణాల చూపు ఇవ్వలేని హామీ అదొక్కటే.